అసారికి గోడమీద ఇల్లు

ఇలా దగ్గరగా జరగండి తల్లీ, ఆ ఫోను కాస్త బోర్లా పెట్టండి. నాచారంలో ఓ అద్దెగది గోడలోకి వెళ్ళడానికి ఓ పిల్ల ఎదురుచూసిన కథ ఇది. గట్టిగా చెప్పేది కాదు.

సోంబారిది సీతంపేట కొండల్లో సవరల గూడెం. మొగుడు గయ్య అక్కడ పేరుపడ్డ బొమ్మలరాతగాడు. ఎవరింట మనిషి పోయినా గయ్యకే కబురు. గోడకి ఎర్రమన్ను మెత్తి, వెదురుపుల్ల కొస నమిలి కుంచె చేసుకుని, బియ్యప్పిండి నీళ్ళతో ముందు నాలుగుపలకల గడి గీసేవాడు. అదే పోయినవాళ్ళకి ఇల్లు. వాళ్ళు కలలోకొచ్చి ఏమడిగితే అవి అందులో రాయాలి. సూర్యుడు, చెట్టు, నెమలి, తలదువ్వుకునే దువ్వెన. అన్నీ అయ్యాక పోయిన మనిషిని కూడా లోపల పెట్టాలి. అప్పుడే ఆ ప్రాణం తిరుగుడు మానుతుంది. పెట్టకపోతే ఎండైనా వానైనా బయటే.

వాళ్ళకి ఒక్కతే కూతురు, అసారి. నాచారంలో బట్టలు కుట్టే కంపెనీలో పని దొరికితే, అమ్మానాన్నల్ని తెచ్చుకుంది. రైల్వేలో చేసి రిటైరైన వెంకటరామయ్యగారి ఇంటి వెనక గదిలో కాపురం. గయ్య ఓ గోడౌను దగ్గర కాపలా, సోంబారి ఇళ్ళల్లో అంట్లు. వానాకాలంలో అసారికి జ్వరం వచ్చింది. దవాఖానాకి తన కాళ్ళమీద నడిచివెళ్ళిన పిల్లని నలుగురు మోసుకొచ్చారు.

గయ్య నారపల్లి పోయి, ప్లాట్లకోసం నేల తవ్వుతున్నచోట ఎర్రమన్ను తెచ్చి గది వెనకగోడకి మెత్తాడు. గడి గీశాడు. పిల్ల కలలో అడిగిందని ఒకరోజు కొండ, ఒకరోజు కుట్టుమిషను, ఒకరోజు ఉప్పల్ మెట్రో రాశాడు. పక్కగదిలో ఉండే పూలమ్మే తారామణి తొంగిచూసి, వాళ్ళని కాస్త నవ్విద్దామనుకుంది.

"ఏంది మామా, రైలు గూడ ఎక్కిచ్చినవ్! నాక్కూడా జర కిటికీ పక్కన సీటు పెట్టు. రోజూ నిలబడలేక సస్తున్న."

గయ్య నవ్వాడు. రైల్లో ఓ పూలబుట్ట కూడా పెట్టాడు. గడి మధ్యలో మాత్రం అరచేయంత చోటు ఎర్రగా అలాగే ఉంది. సోంబారి చూపు ఎప్పుడూ అక్కడే.

వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది సవర మాట. మీకు తెలియాలని ఇలా చెబుతున్నాను.

"పిల్లనెప్పుడు రాత్తావు?"

"తనని రాయమని కల్లోకి రానేదు. పిలవకుండా ఎలాగ రాత్తాను?"

"మిషను అడిగింది, రైలు అడిగింది. నన్ను నోపల ఎట్టమని అడగనేదా?"

గయ్య పుల్ల నములుతూ కూర్చున్నాడు. ఊరందరి బిడ్డల్నీ గోడలో పెట్టిన మనిషి. తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి మెట్రోకి చక్రాలు దిద్దుతూ పొద్దు గడుపుతున్నాడు. ఆ సంగతి సోంబారికి తెలియనిదా? ఓ ఉదయం గంజి పోస్తూ అనేసింది.

"నీకు కల రాక కాదు. నోపల ఎట్టీసినావంటే అది నిజంగా సచ్చిపోయినట్టేనని నీ బయం. మరి నాకు బయం నేదా? వానొచ్చినప్పుడల్లా తలుపు తీసి సూత్తన్నాను. పిల్ల తడుత్తాదయ్యా!"

గయ్య గంజి తాగలేదు. ముంత కింద పెట్టి, "మన్ను రాలిపోనాది. తెచ్చి మెత్తుదుము. రేపు పొద్దున్న రాసీత్తాను" అన్నాడు. ఇద్దరూ కలిసే నారపల్లి బస్సెక్కారు. సోంబారి దారంతా మన్ను తేవడానికి తీసుకున్న సంచిని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

వాళ్ళు లేని ఆ పూట ఏం జరిగిందో వినండి. వెంకటరామయ్యగారి మనవడు తేజేష్‌కి నిశ్చితార్థం కుదిరింది. ఇల్లంతా రంగులు వేయిస్తున్నారు. ఆయన భార్య రాజ్యం మనసు వెన్న. ఆ పిల్ల పోయాక, ఏ ముఖం పెట్టుకుని పలకరించాలో తెలియక ఆ గది గడప తొక్కలేదు. తన దగ్గరున్న తాళంచెవి పెయింటరు చేతికిచ్చి, "పాపం, బిడ్డ పోయిన గది. తెల్లగా, వెలుగ్గా వేసెయ్ బాబూ" అంది.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. లోపల అంతా తెలుపు. కొండ లేదు, మిషను లేదు, రైలు లేదు.

"గోడకి మస్తు మట్టి పట్టింది పెద్దమ్మా! పోరగాళ్ళు గీకిన్రనుకున్న. గీకి గీకి నా చెయ్యి వాసింది" అన్నాడు పెయింటరు, మెచ్చుకుంటుందేమోనని.

సోంబారి మన్నుసంచి ఒళ్ళో పెట్టుకుని గడపలోనే కూలబడింది. తారామణే రాజ్యమ్మగారికి సంగతంతా చెప్పింది. ఆవిడ పరుగున వచ్చి, "అయ్యయ్యో, నాకు తెలీదమ్మా! నా చేతులు పడిపోనూ, మీ పిల్ల బొమ్మే చెరిపించానా?" అని బావురుమంది.

"పిల్ల బొమ్మ కాదమ్మా," అంది సోంబారి. "పిల్లింకా నోపలికి రానేదు."

మర్నాడు పొద్దున్నే గయ్య ఎర్రమన్ను కలిపి మెత్తాడు. కొత్త రంగుమీద మన్ను నిలవలేదు. ముద్దలు ముద్దలుగా జారి నేలమీద పడింది. మళ్ళీ మెత్తాడు, మళ్ళీ జారింది. చివరికి గోడ తుడిచేసి, పుల్ల పిండినీళ్ళలో ముంచి, ఆ తెల్లగోడమీదే కూతుర్ని రాశాడు. తల, జడ, రెండు చేతులు. కల కోసం చూడలేదు. తడిగా ఉన్నంతసేపు పిల్ల తళుక్కున మెరిసింది. ఆరింది. తెలుపులో తెలుపు కలిసిపోయింది.

"ఇల్లేదీ?" అంది సోంబారి. "గడి గియ్యవా?"

"పిల్లని రాసీసినాను," అన్నాడు గయ్య. పుల్ల చేతిలోంచి జారిపోయింది. "ఇంకేటీ నా వల్ల కాదే."

ఆ తర్వాత అతను మళ్ళీ పుల్ల పట్టలేదు. సోంబారి రోజూ పనికెళ్ళేముందు గోడమీద వేలితో తడుముతుంది. పిండి గరుకు తగిలినచోట ఆగుతుంది. "ఇది జడ," అంటుంది, "ఇది సెయ్యి." రాజ్యమ్మగారు పక్కన నిలబడి చూస్తుంది. ఆవిడకి ఏమీ కనబడదు. అయినా తల ఊపుతుంది.

ఈ కథ మరిచిపోకండమ్మా. మీ పిల్లలకి చెప్పండి, వాళ్ళ పిల్లలకి చెప్పమనండి. రేపు ఆ గదిలోకి ఎవరొస్తారో, క్యాలెండరుకని మేకు ఎక్కడ కొడతారో. ఇల్లు లేని పిల్ల ఒకతి ఆ గోడమీద ఉందని, పేరు అసారి అని, ఎవరో ఒకరు వాళ్ళకి చెప్పాలి కదా.