వెండి కరుగు

మా పిచర్ కోవ్‌లో వాతావరణం చదవడమంటే ఊరందరి తిట్లూ అడిగి తినడమే. ఫైర్ స్టేషన్ మేడ మీద మా ఊరి రేడియో గది. ప్రాంతీయ కేంద్రం పంపిన కాగితం రోజూ పొద్దున్నే చదువుతాను, వెనకాల నా సొంత మాట రెండు ముక్కలు కలుపుతాను. ఆ కాగితానికి మా న్యూఫౌండ్‌లాండ్ దీవి దక్షిణ తీరమంతా ఒకటే ప్రాంతం. రెండు కొండల సందులో సముద్రాన్ని పట్టుకుని కూర్చున్న మా ఊరు అందులో ఎక్కడుందో రాసినవాడికి తెలియదు. కాగితం తప్పితే తిట్లు కేంద్రానికి పోవు, మెల్వీనా అత్తకే, అంటే నాకే వస్తాయి. ఇక్కడ పెద్దవాళ్ళందరూ అందరికీ అత్తలూ మామలే కనక వరస కలిపి మరీ తిడతారు.

ఆ వారం మంచు మోకాలు దాటింది. ఇక వాన అన్నాను. వాన పడింది కానీ పడ్డది పడ్డట్టే గడ్డకట్టింది. చెట్లకీ కరెంటు తీగలకీ మెట్లకీ గాజు పూత పూసినట్టయింది. దీన్ని మావాళ్ళు 'వెండి కరుగు' అంటారు. ఎందుకంటారో పేరు పెట్టిన తాతలకే తెలియాలి. అందులో కరిగేదేమీ ఉండదు, జారిపడేవాళ్ళే ఉంటారు.

"ఏం అత్తా, నిన్న వానన్నావు" అంటూ పొద్దున్నే ఫోన్ చేశాడు క్లైడ్. పీతల పడవ నడుపుతాడు, చలికాలమంతా నా మీద జోకులేస్తాడు. "మా మెట్ల మీంచి రేవు దాకా కూర్చునే వచ్చాను. లేవాల్సిన పనే పడలేదు."

"కూర్చోవడం నీకు అలవాటేగా అబ్బాయ్" అని పెట్టేశాను.

అంతలో సెలీనా తలుపు తోసుకుని వచ్చింది. బూట్లు జారకుండా వాటి మీద పాత ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అత్తా, ఫోనొచ్చింది. కిడ్నీ దొరికింది."

కుర్చీ లాగి కూర్చోబెట్టాను. సెలీనా మొగుడు హెడ్లీకి రెండు కిడ్నీలూ పోయి రెండేళ్ళయింది. వారానికి మూడుసార్లు కొండ దాటి డయాలిసిస్‌కి పోతాడు. తాగే నీళ్ళు గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి, ఎందుకంటే ఒంట్లో చుక్క మూత్రం పుట్టదు. మనిషి సగమైపోయాడు గానీ నోరు మాత్రం తగ్గలేదు. "నాలో వాన పడి రెండేళ్ళయింది అత్తా, నీ కాగితంలో రాయించు" అనేవాడు.

"చీకటి పడేలోపు కొండవతల విమానాశ్రయంలో ఉండాలట. అక్కణ్ణించి హాలిఫాక్స్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. చేరకపోతే ఆ కిడ్నీ తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. గార్లండ్ మామ అంబులెన్స్ తీయనంటున్నాడు."

గార్లండ్ పిరికివాడు కాదు. నేను ఫోన్ చేస్తే అతను చెప్పిందీ న్యాయంగానే ఉంది.

"కింద ఊళ్ళోనే ఇలా ఉంటే పైన ఇంకెలా ఉంటుంది మెల్వీనా? ఎక్కేకొద్దీ చలెక్కువ, చంటిపిల్లాడినడిగినా చెప్తాడు. కొండ దాటాక అంతా బయలు, పురుగు కూడా ఉండదు. హెడ్లీని తీసుకెళ్ళి లోయలో పడేసే పాపం నాకొద్దు. నీ కాగితమే చెప్పిందిగా, రాత్రిదాకా ఇదే గోలని."

చెప్పిన మాట నిజమే. ఈ గాజులో హెలికాప్టరూ ఎగరదు. కనీసం ఉప్పు లారీ వచ్చి రోడ్డు మీద ఉప్పు చల్లితే చాలనుకుని రోడ్ల డిపోకి ఫోన్ చేశాను. అవతల కొత్తాయన, పోయిన నెలే మెయిన్‌లాండ్ నించి వచ్చాడు, మా దీవి మాటలు తెలియవు.

"లారీని పడమటి ఊళ్ళకి పంపేశానండీ. మీ వైపు కరుగుతోందని పొద్దున మీరే రేడియోలో చెప్పారుగా."

"నేనన్నది వెండి కరుగు బాబూ."

"అదేనండీ, కరుగు."

ఆయన్ని తిట్టాలో మా తాతల్ని తిట్టాలో తెలియలేదు. లారీ తిరిగొచ్చేసరికి చీకటి పడుతుందట. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. సెలీనా నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని నా మొహంలోకే చూస్తోంది.

ఆ చూపు భరించలేక కిటికీలోంచి బయటికి చూశాను. ఊళ్ళో చెట్లన్నీ తళతళలాడుతున్నాయి. కొండ మీద చెట్లు మాత్రం నల్లగా ఉన్నాయి. మామూలుగా ఉన్నాయి. వాటి మీద మెరుపేదీ?

కొండ కొమ్మున ఒకే ఇల్లుంది, మా ఎఫీ పిన్నిది. ఫోన్ తీశాను.

"పిన్నీ, నీ బట్టల తీగ మీద ఏముంది?"

"ఊరంతా మునిగిపోతుంటే నా బట్టల తీగ గోల నీకెందుకే?"

"చెప్పు పిన్నీ."

"గాజంతా ఊడి పిల్లి నెత్తిన పడింది. అది సోఫా కింద దూరి నన్ను తిడుతోంది. చూరంతా నీళ్ళు కారుతున్నాయి. కిందా అంతేగా?"

"కాదు పిన్నీ, కింద ఇంకా గాజే."

"అయితే కింద ఉండి ఏం చేస్తున్నారు?"

నవ్వొచ్చింది, ఆ వెంటనే సంగతీ అర్థమైంది. చన్నీళ్ళ తొట్టిలో వేన్నీళ్ళు పోస్తే పైపైనే తేలినట్టు, వెచ్చగాలి వచ్చేటప్పుడు ముందు పైనే వస్తుంది. చలి బరువు, అది మా ఊరి లాంటి గుంటల్లోనే దిగబడిపోతుంది. కొండ మీదది ఉత్త వాన. దాటాక ఆ బయలంతా ఎత్తే, అక్కడా వానే అయ్యుండాలి. గార్లండ్‌కి అడ్డం కొండ కాదు, కొండకీ ఊరికీ మధ్యనున్న మలుపులు.

అయ్యుండాలి అనుకోవడానికీ, అవడానికీ తేడా ఉంది. నా మాట తప్పితే ఆ బయల్లో ముగ్గురు మనుషులు. ఇంతకాలం తిట్లు తిన్నాను గానీ ఉసురు పోసుకోలేదు. నిజంగా భయమేసింది. కానీ నోరు మూసుకుంటే హెడ్లీ ఎలాగూ పోతాడు, కాస్త నెమ్మదిగా పోతాడంతే. కాగితం పక్కన పెట్టి మైకు నొక్కాను.

"ఇది కేంద్రం మాట కాదు, మెల్వీనా మాట. కొండ మీద వాన పడుతోంది. మలుపుల మీదే గాజుంది. మన హెడ్లీకి కిడ్నీ దొరికింది, కొండ ఎక్కాలి. ఉప్పు లారీ రాదు. మీ మీ పొయ్యిల్లో బూడిదంతా ఎత్తుకుని కొండ రోడ్డుకి రండి."

మైకు ఆపానో లేదో క్లైడ్ ఫోన్.

"అత్తా, నీ జోస్యాన్ని నమ్మి కొండెక్కమంటావా?"

"నమ్మక్కర్లేదు, బూడిద తీసుకురా."

"ఎంత?"

"ఎంతుంటే అంత. నీకు మాటలు కోటలు దాటుతాయి, ఇవాళ గడపైనా దాటి చూపించు."

నేనూ సెలీనా ఒకరినొకరం పట్టుకుని కొండ మొదటికి చేరేసరికి నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. కట్టెల పొయ్యి ఉన్న ప్రతి ఇంటినుంచీ బకెట్టో డేక్సానో వచ్చింది. అందరి బూట్ల మీదా ఉన్ని మేజోళ్ళే. చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఏప్రాన్లతోనే వచ్చారు. క్లైడ్ చేపలు పొగబెట్టే కొట్టం మొత్తం ఊడ్చినట్టున్నాడు, మంచు మీద లాగే స్లెడ్జి నిండా బస్తాలు లాక్కొచ్చాడు. మొహమంతా బూడిదే, పళ్ళు మాత్రం తెల్లగా కనిపించాయి.

ఊరంతా కదిలాక గార్లండ్ కూడా హెడ్లీని ఎక్కించుకుని బండి తెచ్చాడు, సెలీనా ఎక్కింది. బూడిద చల్లుకుంటూ ముందు మేము, వెనక అంబులెన్స్. మొదటి మలుపు ఎక్కింది. నిటారుగా ఉన్న రెండో మలుపులో చక్రాలు గిర్రున తిరిగి బండి వెనక్కి, గట్టు వైపు జారింది. సెలీనా లోపలినుంచి కేక పెట్టింది. బండి గట్టు రాయికి ఆనుకుని ఆగింది.

"చెప్పానా?" అన్నాడు గార్లండ్ కిటికీలోంచి. అతని పెదాలు తెల్లబడ్డాయి.

క్లైడే అందుకున్నాడు.

"మామా, గేరులో ఉంచు. పడవని ఒడ్డుకి లాగడం మాకు రాదనుకున్నావా?"

స్లెడ్జి మీంచి పడవ మోకు తీసి బండి ముందు కొక్కేనికి కట్టాడు. ఊరంతా మోకు పట్టుకున్నారు. పాదిరిగారు కూడా నా ముందే నిలబడ్డారు. క్లైడ్ "హో" అంటే అందరం "లాగు". హో, లాగు. హో, లాగు. మా తాతలు ఊరు మారేటప్పుడు ఇళ్ళకి ఇళ్ళే ఇలా మంచు మీద లాగేవారట. అరచేతులు మండాయి, ఒక్కరూ వదల్లేదు. బండి అంగుళం అంగుళం కదిలింది, తర్వాత అడుగు అడుగు కదిలింది.

ఆఖరి మలుపులో క్లైడ్ ఉన్నట్టుండి ఆగి తన కోటు చెయ్యి చూసుకున్నాడు. చినుకు పడింది. గడ్డకట్టలేదు, జారి కారిపోయింది.

"కారుతోంది" అన్నాడు మెల్లగా. వాడు మెల్లగా మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం.

ముందు రోడ్డు నల్లగా తడిసి ఉంది. గాజు లేదు. గార్లండ్ దిగి బూటుతో రోడ్డుని తన్ని చూశాడు, తర్వాత నా వైపు తిరిగి టోపీ తీశాడు. హెడ్లీ కిటికీ దించి చెయ్యి బయటపెట్టి వాన పట్టుకున్నాడు.

"ఒక్క చుక్క నాకితే తప్పా అత్తా?"

సెలీనా ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "కడుపు ఖాళీగా ఉండాలన్నారు. బుద్ధిగా కూర్చో."

ఎఫీ పిన్ని గేటు దగ్గర నిలబడి మా గుంపుని చూస్తూ "ఇంతమంది వస్తారని ముందే చెప్తే టీ పెట్టేదాన్నిగా" అని గొణిగింది. అంబులెన్స్ బయలు రోడ్డెక్కి వానలోకి వెళ్ళిపోయింది. మేమంతా బూడిద మొహాలతో నిలబడి చెయ్యి ఊపాం.

దిగేసరికి దక్షిణపు గాలి ఊళ్ళోకీ వచ్చేసింది. చెట్ల మీంచి, తీగల మీంచి గాజు గలగలమని రాలిపోతోంది. సాయంత్రం కేంద్రం నుంచి సవరించిన కాగితం వచ్చింది: గాజు వాన ఆగి మామూలు వానగా మారినది. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు. ఆ కాగితాన్ని నేను మూడుసార్లు చదివాను, ఎవరేమనుకుంటే నాకేం.

కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. సమయానికి చేరారనీ, ఆపరేషన్ అయిందనీ తెలిసింది. కొత్త కిడ్నీ పనిచేస్తేనే పండగ. ఊరంతా నన్నే అడిగారు, వాతావరణం చెప్పేదానికి అదీ తెలుస్తుందన్నట్టు. మర్నాడు మధ్యాహ్నం సెలీనా ఫోన్ చేసింది.

"అత్తా, రాసుకో. ఇక్కడ వాన."

"ఇక్కడా అదేగా తల్లీ, నిన్నటినించీ..."

"బయట కాదత్తా. హెడ్లీకి. మూత్రం సంచి నిండింది. నర్సు మార్చింది, మళ్ళీ నిండింది."

కాసేపు ఇద్దరం ఏడ్చాం, ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేసి, పాట మధ్యలోనే ఆపేసి మైకు నొక్కాను.

"ప్రాంతీయ వాతావరణ సూచన. మంచు పోయింది. గాజు పోయింది. మన హెడ్లీకి రెండేళ్ళ తర్వాత వాన పడింది. జోరుగా పడుతోంది, ఆగే సూచనలు లేవు."

రేవులో ఒక పడవ హారన్ మోగింది. ఆ బొంగురు మోత ఎక్కడున్నా గుర్తుపడతాను, క్లైడ్‌ది. దాని వెనక ఇంకోటి, తర్వాత రేవులో ఉన్నవన్నీ. ఎఫీ పిన్ని కొండ మీంచి ఫోన్ చేసి, పిల్లి మళ్ళీ సోఫా కింద దూరిందని నన్ను తిట్టింది.