చెల్లికి తొందరేముంది

పిల్లులకి ఆపరేషన్ అన్న మాట మా ఇంట్లో మొదట ఎత్తింది అత్తయ్య. అందుకే ఆ మాట నాకు నచ్చలేదు. ఇంకెవరైనా అని ఉంటే కాస్త ఆలోచించేదాన్నేమో.

మా ముందుగదే నా కుట్టు దుకాణం. మిషను, గుడ్డల బీరువా, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, వచ్చినవాళ్ళకి ఒక కుర్చీ. ఆ బీరువాలో ఎలుకలు పడి ఎవరిదో కొత్త కోటు చెయ్యి కొరికిపెట్టాయి. ఆ రోజంతా నేను ఇంటిల్లిపాది మీదా విరుచుకుపడ్డాను. మా ఆయన బస్సు డ్రైవరు. నా నోటికి జడిసి సాయంత్రం డిపో నుంచి వస్తూ అట్టపెట్టెలో రెండు పిల్లి పిల్లల్ని తెచ్చాడు. మూలనపడ్డ బస్సులో సీటు కింద పుట్టాయట, తల్లి ఎటో పోయిందట. నల్లగా బొద్దుగా ఉన్నది మగది. బూడిద రంగులో పిడికెడంత ఉన్నది ఆడది. పేర్లు వెతికే ఓపిక ఎవరికుంది? వీడు అన్న, ఇది చెల్లి అన్నాడు. ఆ పేర్లే ఖాయమయ్యాయి.

చెల్లి వచ్చిన పూటే నా దగ్గర చేరింది. నేను మిషను తొక్కుతుంటే నా పాదం మీదే పడుకునేది. పాదంతో పాటు పైకీ కిందకీ ఊగుతూ నిద్రపోయేది. ఎంత విదిలించినా మళ్ళీ అక్కడికే వచ్చేది.

నాకు పిల్లల్లేరు. ఆ మాట గొంతు తగ్గించి చెప్పే అలవాటు నాకు లేదు. తిరగాల్సిన ఆసుపత్రులన్నీ తిరిగాం, మింగాల్సిన మందులన్నీ మింగాను, నలభై దాటాక ఇక చాలనుకున్నాం. మా వీధిలో పిల్లలందరి ఒంటి మీదా నేను కుట్టిన గౌన్లే, చొక్కాలే. చెల్లి ఒక్కసారి ఈనితే, ముక్కల బుట్టలో కళ్ళు తెరవని పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటే, పొద్దస్తమానం వాటిని చూస్తూ కుట్టుకోవాలని నాకు ఆశ పుట్టింది. పుట్టకూడదా? నేనేం మిద్దెలు అడిగానా, మేడలు అడిగానా?

టీకాలకి తీసుకెళ్తే పశువుల డాక్టరమ్మ కూడా అత్తయ్య పాటే పాడింది.

"మగదానికి ఇప్పుడే చేసేద్దాం. ఆడది ఇంకాస్త బరువు పెరగ్గానే దానికీ చేద్దాం. ఎదకు రాకముందే అయిపోవాలి. నాన్చకండి."

"ఒక ఈత అయ్యాక చేయిస్తే ఒంటికి మంచిదంటారు కదండీ?" అన్నాను.

"ఎవరంటారు?"

ఎవరంటారో నాకేం తెలుసు, అందరూ అంటారు. డాక్టరమ్మ చెల్లిని అరచేతిలో పెట్టుకుని, "ఇది చిన్నపిల్లండీ. పెద్దదైపోయినట్టు కనిపిస్తుంది గానీ చిన్నపిల్లే," అంది. నా వయసులో సగం లేదు, నాకు పిల్లల సంగతి చెబుతోంది. నాకు ఒళ్ళు మండింది.

ఇక మా ఆయన సంగతి. చెల్లి విషయంలో ఆయనది గోడ మీద పిల్లి వాటం. నా ముందు నా మాట, అమ్మ ముందు అమ్మ మాట. అన్న విషయం వచ్చేసరికి మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "పాపం, వాడు ఎవర్నేం చేశాడే? తిని పడుకుంటున్నాడు," అంటూ కాళ్ళు దగ్గరికి ముడుచుకు కూర్చున్నాడు. "నీకు కాదురా చేసేది," అంది అత్తయ్య.

"అయినా అవి అన్నాచెల్లెళ్ళమ్మా. ఒక తల్లి పాలు తాగి ఒక పెట్టెలో పెరిగాయి. తలుపులు వేసి ఉంచుకుంటే బయటిది లోపలికి రాదు. ఇంక తొందరేముంది?"

"పిల్లులకి వావివరసలుంటాయట్రా?"

"మనింట్లో పెరిగినవి కదా, ఉంటాయి."

నవ్వకండి. ఆయన ఒక్కడే కాదు, నేనూ నమ్మాను. రోజూ పిలుస్తూ పిలుస్తూ అలా అయిపోయింది. వాడు దాని గిన్నెలో మూతి పెడితే, "చెల్లి తిండి లాక్కుంటావా, సిగ్గులేదూ," అని కసిరేదాన్ని. అది వాడి తోక కొరికితే, "అన్నయ్యరా, తప్పు," అనేదాన్ని. దుకాణానికి వచ్చి కుర్చీలో కూర్చున్న వాళ్ళకి కూడా అలాగే పరిచయం చేసేదాన్ని. ఇంత చేశాక వాటి గురించి ఇంకోలా అనుకోవడానికి మనసెలా ఒప్పుతుంది?

అత్తయ్య పోరు పడలేక చివరికి చెల్లి ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకున్నాం. పొద్దున ఏమీ పెట్టకుండా తీసుకురమ్మన్నారు. ఆ పొద్దున చెల్లి గిన్నె చుట్టూ తిరిగి నా మొహంలోకి చూసింది. నేను పాలు పోశాను. జాలిపడి పోశానని మా ఆయనతో చెప్పాను గానీ, జాలీ లేదు, గీలీ లేదు. ఆపరేషన్ ఆగాలనే పోశాను. వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య చూసింది. గిన్నె వంక చూసి, నా వంక చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అంటే పోట్లాడేదాన్ని. అనలేదు, అదే నన్ను రోజంతా తినేసింది. తర్వాతిసారి ఎవరివో పెళ్ళి బట్టలు అడ్డమొచ్చాయి. ఆ తర్వాత ఆయనకి డ్యూటీ పడింది. కొంపలేమీ మునిగిపోవు, వచ్చే నెల చూద్దామన్నాను.

వచ్చే నెల దాకా చెల్లి ఆగలేదు. ఒకరోజు ఉన్నట్టుండి నేల మీద పడి దొర్లడం మొదలుపెట్టింది. తలుపు దగ్గరికి పరుగు, కిటికీ దగ్గరికి పరుగు, చంటిపిల్ల ఏడుపులాంటి ఏడుపు. ఒళ్ళోకి తీసుకుంటే జారిపోయేది, దింపితే కాళ్ళకి చుట్టుకునేది. ప్రహరీ మీద ఎక్కడెక్కడి మగపిల్లులో వచ్చి కూర్చున్నాయి. నాకు చేతిలో పని నిలవలేదు. ఒక ప్యాంటుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. లేచి కిటికీ గడి చూడటం, వచ్చి కూర్చోవడం, మళ్ళీ లేవడం.

"కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరగడం," అంది అత్తయ్య. పిల్లిని అందో, నన్ను అందో అడగలేదు.

బయటివాటి భయానికి మేం ఏం చేశామో చెప్పమంటారా? చెల్లిని వెనకగదిలో పెట్టి, తోడుగా అన్నని కూడా లోపలికి తోసి, గొళ్ళెం పెట్టాం. "వాడు కాపలా ఉంటాడు," అన్నాడు మా ఆయన. అత్తయ్య ఆ పూట తన చెల్లెలింటికి వెళ్ళింది. ఉంటే గొళ్ళెం పడేది కాదు.

తర్వాత ఇల్లు చల్లబడింది. చెల్లి మళ్ళీ నా పాదం మీదకి వచ్చి పడుకుంది. ఆ బరువులో ఏదో తేడా తెలిసింది. టేపు తీసి దాని నడుం కొలిచాను. కొన్నాళ్ళాగి మళ్ళీ కొలిచాను. ఒంటి కొలతలు నాకు ఒకరు చెప్పాలా? పొట్ట మీద చనుమొనలు కూడా గులాబీ రంగు తిరిగాయి. నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. వరసలేమైతేనేం, పిల్లలు పిల్లలే అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా మెత్తటి ముక్కలు ఏరి బుట్టలో పరిచాను.

అత్తయ్య కళ్ళు ఊరుకుంటాయా? బుట్ట చూసింది, పిల్లిని చూసింది. మర్నాడు పొద్దున్నే, మోకాళ్ళ నొప్పితో వీధి మొహం చూడని మనిషి, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "పద, చూపిద్దాం."

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, స్కానింగ్ తీసింది. మొహం ముడుచుకుంది.

"కడుపుతో ఉంది. దీని ఒళ్ళే ఇంకా పూర్తిగా ఎదగలేదు. ఈనేటప్పుడు పిల్ల అడ్డం పడితే తల్లి దక్కడం కష్టం. ఏమీ కాకుండా గట్టెక్కినా గట్టెక్కొచ్చు, నేను చెప్పలేను. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే తల్లికి ఫర్వాలేదు, పిల్లలు మాత్రం ఉండరు. ఇంకా ముదిరితే అదీ కష్టమే. ఇవాళ ఏమైనా తిన్నదా?"

"లేదు," అంది అత్తయ్య. "గిన్నె నేను దాచేశాను."

నేను లేచి బయటికొచ్చేశాను. ఎన్ని పిల్లులు ఈనడం లేదు? చెత్తకుండీల పక్కన ఈని, పిల్లల్ని నోట కరుచుకుని తిరగడం లేదూ? నా పిల్లికే అన్నీ గండాలా? నడవాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "రేపు అన్నని నేనే ఆపరేషన్‌కి తీసుకొస్తాలే," అన్నాడు. ఇప్పుడు వాణ్ణి తెచ్చి ఏం లాభమని పెట్టేశాను.

అత్తయ్య నడవాలో బల్ల మీద, చెల్లి ఉన్న మూతబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన చోటు చూపించింది.

"నువ్వేం చెప్పినా నేను కాదనను," అంది. "ఒకటి విను. మీ ఆయన నా మొదటి కాన్పు కాదు."

నాకు తెలియదు. ఆ ఇంటికి కోడలినై ఇంతకాలమైంది, ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"అంతకుముందు ఒకటి. నాకు అప్పటికి ఒళ్ళు నిలదొక్కుకోలేదు. రెండు రోజులు నొప్పులు పడ్డాను. తలుపవతల అందరూ మాట్లాడుకుంటుంటే వినబడుతూనే ఉంది. పెద్ద ప్రాణమా, చిన్న ప్రాణమా అని. నన్ను తప్ప అందర్నీ అడిగారు. మా అమ్మ ఏడ్చింది. మీ మామయ్య ఏమీ అనలేదు. మా అత్త బిడ్డ కావాలంది."

నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

"ఆ డాక్టరు ఎవరి మాటా వినలేదు. అందుకే ఇలా బతికి నీ పక్కన కూర్చున్నాను."

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా తగలాల్సిన చోట తగిలింది. నేను వాళ్ళ అత్తగారి పక్కన నిలబడి ఉన్నాను, తలుపుకి అవతల. బుట్ట మూత ఎత్తాను. చెల్లి ఆకలి మీద ఉందేమో, నా వేలు నాకింది. నాకు పిల్లలు కావాలి. ఇప్పటికీ కావాలి. అది చెల్లి ప్రాణం మీదకి తెచ్చి తీర్చుకునే కోరిక కాదని అప్పుడు తెలిసింది, తెలిసినా కోరిక తగ్గలేదు. అలాగే బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళాను.

"చేసేయండి," అన్నాను.

మేం మళ్ళీ బల్ల మీద కూర్చున్నాం. అత్తయ్య మోకాళ్ళు రాసుకుంటూ ఉంది. నేను లేచాను, కూర్చున్నాను, గోడ మీద కుక్కల మందుల ప్రకటనలన్నీ చదివాను. ఎవరో కుందేలుని తెచ్చి, చూపించుకుని వెళ్ళిపోయారు. చివరికి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"బాగా అయింది. మీ పిల్లి గట్టిపిండమే. మత్తు దిగాక తీసుకెళ్దురు గాని."

సరేనని తలూపాను. ఇంకో మాట అడగబోయి మానుకున్నాను. డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

"అడుగు."

"ఏమడగను?"

"ఎన్ని పిల్లలో అడుగు. నాకు పుట్టింది ఆడో మగో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. నువ్వు అడుగు."

అడిగాను. మూడు అంది డాక్టరమ్మ.

నేను బల్ల మీద కూలబడి ఏడ్చాను. నా పక్కనే అత్తయ్య కూడా ఏడ్చింది. ఆవిడ ఏడ్చింది నా మూడింటి కోసం కాదు.