పిల్లలు: లేరు

ద్రాక్ష షెడ్డులో మధ్యాహ్నం గంట కొట్టగానే లోసెలి ఖాళీ పెట్టె ఒకటి బోర్లించుకుని కూలబడింది. ఏడో నెల. నడుం విరిగిపోతోంది. ఫోను తీసి, పొద్దున వీసా ఆఫీసు నుంచి వచ్చిన జవాబు పక్కనున్న సేయినికి చూపించింది. టోంగా దీవుల నుంచి ఈ రాబిన్‌వేల్ ఊరికి పనికొచ్చినవాళ్ళలో ఎవరికి ఇంగ్లీషు కాయితం వచ్చినా అరవై దాటిన ఈ సేయిని దగ్గరికే పరిగెత్తాలి, ఆవిడ నోటికి జడుస్తూనే.

"మళ్ళీ లేదన్నారే."

"అది నాకూ తెలుసు పిన్నీ. ఎందుకో చెప్పు."

"నీ మొగుడు చూడ్డానికని వచ్చి ఇక్కడే పాతుకుపోతాడని వాళ్ళ అనుమానం. వెనక్కి లాగేది అక్కడేమీ లేదంట. చేపలు పట్టుకునేవాడు, పిల్లాజెల్లా లేనివాడు, ఎందుకు తిరిగి పోతాడూ అని." సేయిని కళ్ళద్దాలు పైకి తోసింది. "పిల్లలు అన్నచోట లేరని రాశావా?"

"లేరు కదా."

"మరి పేసిని నేను కన్నానా?"

"కన్నది నేనే. పిల్ల మా వదినది."

అందులో అబద్ధమేం లేదు. పేసికి మూడో నెల నిండాక మొగుడు ఫెలెటి అక్క ఫుసి వచ్చి చాప మీద కూర్చుని, "ఈ పిల్లని నేను పెంచుకుంటా" అంది. ఆమెకి పిల్లల్లేరు. పైగా మేనత్త. మేనత్త నోరు తెరిచి అడిగాక కాదనే తమ్ముడు ఆ దీవుల్లో ఇంకా పుట్టలేదు. పేరు పెట్టిందీ ఆమే. లోసెలి అప్పుడు అక్కడే కాపురం. రెండిళ్ళ అవతలికి వెళ్ళి పాలిచ్చి వచ్చేది. ఆరేళ్ళయింది. పేసి ఫుసిని అమ్మా అంటుంది, లోసెలిని అత్తా అంటుంది, ఫెలెటిని మావయ్యా అంటుంది. దాపరికమేమీ లేదు, పిల్లకి కూడా తెలుసు. అందుకే ఫారంలో ఆ గడి దగ్గర లోసెలి చెయ్యి ఆగను కూడా ఆగలేదు.

"ఊరు ఒప్పుకుంటే ఆఫీసు ఒప్పుకోవాలనుందా మొద్దూ? వాళ్ళకి కన్నదే లెక్క. పుట్టిన కాయితంలో ఎవరి పేర్లున్నాయి?"

"మావే."

"అయితే అది పంపించు. మా వాడుక ఇది, అందుకే అలా రాశాం, తప్పు దిద్దుకుంటున్నాం అని నేను విడమరిచి రాస్తా. పిల్ల అక్కడే ఉంటుందని మీ వదిన రాసివ్వాలి. మీవాడికి ఆ పిల్లే పలుపుతాడు."

లోసెలి చామాకు పొట్లం విప్పి ఒక ముద్ద తిని మూసేసింది. కొబ్బరిపాల వాసన కూడా సహించడం లేదు. పోయినేడు తల్లి పోయింది. ఆ చావుకి ఊరెళ్ళినప్పుడే ఈ కడుపు. కాన్పప్పుడు పక్కన ఎవరుంటారని ఆసుపత్రిలో అడిగినప్పుడల్లా మా ఆయన అని చెబుతూ వస్తోంది. చెప్పీ చెప్పీ ఆ మాట కూడా అరిగిపోయింది.

సాయంత్రం ఫెలెటికి ఫోను చేసింది.

"మీ అక్కని నువ్వే అడుగు."

"నేనా! కాన్పు మాటా, కడుపు మాటా అక్క ముందు ఎత్తమంటావా? బుద్ధుండే అంటున్నావా?"

అక్క గుమ్మంలోకొస్తే లేచి పెరట్లోకి పోయే మనిషి. అక్కాతమ్ముళ్ళ మధ్య అక్కడి మర్యాద అది.

"సముద్రంలో సొరచేపకి జడవవు గానీ..."

"సొరచేప నాకు అక్క కాదుగా. ఫోను ఇచ్చి బయటికి పోతా. మీరూ మీరూ చూసుకోండి."

ఫుసి ఫోను అందుకుంది. లోసెలి ముందు కోళ్ళ గురించి అడిగింది, చర్చి గురించి అడిగింది, ఆమె మోకాలి నొప్పి గురించి అడిగింది. ఇక అడగడానికేమీ మిగల్లేదు.

"వదినా, పేసి పుట్టిన కాయితం మీ దగ్గరుంది కదా. అది కావాలి. పిల్ల మాదని రాయాలంట. కాయితం మీదే వదినా, ఒట్టు."

అవతల కోడి ఒకటి కొక్కొరోమని ఊరుకుంది.

"ఆరేళ్ళకి గుర్తొచ్చిందా నువ్వు కన్నావని?"

"అలా అనకండి. మీ తమ్ముడు కాన్పుకి నా దగ్గరుండాలి, నాకు అంతే. పిల్ల మీ దగ్గరే ఉంటుందని మీరే రాసివ్వాలి. అది అక్కడుంది కాబట్టి ఆయన తిరిగొస్తాడని."

"అంటే నా తమ్ముణ్ణి కట్టేయడానికి నా పిల్ల గుంజా?"

లోసెలికి ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపికుండాలి. "అంతే వదినా," అంది.

ఆ నిజానికి ఫుసి మెత్తబడిందో, ఆ గొంతు విని జాలిపడిందో గానీ, "ఇస్తాలే" అంది. "కానీ నేను రాసేది నా ఇష్టం."

వారం తిరక్కుండా రెండు కాయితాలూ ఫోనులోకి వచ్చాయి, సేయిని అచ్చు తీయించుకొచ్చింది. ఫుసి రాసిన దాన్ని లోసెలి షెడ్డు వెనక నిలబడి చదివింది. తమ్ముడు వెళ్ళొచ్చే దాకా అని ఎక్కడా లేదు. ఈ పిల్ల ఎప్పటికీ నా దగ్గరే ఉంటుంది, తల్లీ తండ్రీ అడగరు, అని ఉంది. కింద లోసెలి సంతకానికి జాగా వదిలిపెట్టింది.

"ఎప్పటికీ ఎందుకే?" అంది సేయిని. "రేపు చదువుకని ఇక్కడికి తెచ్చుకుందామనుకున్నావుగా. మార్చి రాయమని అడుగు."

"ఇంకోసారి అడగలేను పిన్నీ."

"మీవాడేమన్నాడు?"

"అక్క రాసిందాన్ని ఆయనేమంటాడు?"

సేయిని ఈసారి వెటకారమాడలేదు. కలం తీసి ఇచ్చింది. లోసెలి ద్రాక్షపెట్టె మీద పెట్టి సంతకం చేసింది. చెయ్యి జిగటగా ఉండి వేలిముద్ర కూడా పడింది.

తొమ్మిదో నెల పడ్డాక వీసా వచ్చింది. మూడు నెలలకి, పొడిగింపు లేకుండా. ఫెలెటి ఫోనులో గంతులేస్తూ, చాప తేనా, చేపలు ఎండబెట్టి తేనా అని అడుగుతున్నాడు.

"చేపలు విమానాశ్రయంలోనే పారేస్తారు. నువ్వొస్తే చాలు. చలికోటు ఎవరినైనా అడిగి తెచ్చుకో," అంది మంచం మీద ఒత్తిగిలి.

ఫోను ఎవరో లాక్కున్నారు. పేసి.

"అత్తా, మావయ్య మీ ఇంటికొస్తున్నాడంట."

"అవునమ్మా."

"మళ్ళీ పంపించెయ్యాలి. సరేనా?"

లోసెలి కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"పంపిస్తానమ్మా," అంది.