ప్రెస్సు మెడలో దండ

ఇనుప రేకులు నొక్కే ఆ ప్రెస్సు, దాన్ని నడిపే రాంసజీవన్‌ను మింగి రెండు వారాలు కూడా కాలేదు. యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ నాడు దాన్ని శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు.

గ్రేటర్ నోయిడాలోని ఆ కారు విడిభాగాల ఫ్యాక్టరీలో భావన సేఫ్టీ ఆఫీసరు. ఇరుక్కున్న రేకు సర్దడానికి రాంసజీవన్ లోపలికి వంగినప్పుడు ఇనుప దిమ్మ అతని తల మీద దిగింది. మిగిలింది తట్టలో ఎత్తారు. ఇంకేం చెప్పాలి!

మనిషి అడ్డొస్తే దిమ్మను ఆపే సెన్సరు ఒకటుంది. మాటిమాటికీ ఆగి పని మందగిస్తోందని దాన్ని పనిచేయకుండా చేశారు. ఎవరు చేయించారో అందరికీ తెలుసు. ఇప్పుడు బాగుచేయించానంటాడు ప్లాంటు హెడ్డు రామమోహనరావు. ఆయనది తణుకు, భావనది తెనాలి. పరీక్షించి చూపమని ఆమె అడిగినప్పుడల్లా "ముందు పూజ కానీ" అన్నాడు. పూజ అవగానే రాంసజీవన్ బదులు ఇర్ఫాన్ ఆ ప్రెస్సు దగ్గర నిలబడాలి. పొద్దుటి నుంచి అతను మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

కార్మికులు రాంసజీవన్ ఫొటో తెచ్చి ప్రెస్సు పక్కన పెట్టబోయారు.

"శుభమా అని పూజ చేసుకుంటుంటే ఇదేంటి? హటావో!" అన్నాడు రామమోహనరావు. ఫొటో చెత్తడబ్బా పక్కకు పోయింది.

ఆయన కుంకుమనీళ్ళు పోసిన బూడిద గుమ్మడికాయ తెప్పించాడు. "అమ్మాయ్ భావనా, మన పద్ధతిలో దిష్టి తీసి కొట్టెయ్. దీని పీడ వదిలిపోద్ది."

"పీడ దీనికా సార్, దీనికింద పడ్డవాళ్ళకా?" భావన కాయను తీసుకుపోయి దిమ్మ కింద, సెన్సరుకు అడ్డంగా పెట్టింది. "బాగుచేయించానన్నారుగా. ఒక చెయ్యేసి పట్టుకోండి. నేను పెడలు తొక్కుతాను."

ఆయన నవ్వబోయాడు. చెయ్యి మాత్రం జేబులోంచి రాలేదు.

భావన తొక్కింది.

దిమ్మ ఆగలేదు. నేల అదిరింది. కాయ పిప్పయి, ఎర్రటి నీళ్ళూ గుజ్జూ ఆయన తెల్లచొక్కా మీదా, ముందున్నవాళ్ళ ముఖాల మీదా చిమ్మాయి. ఒకడు అక్కడే వాంతి చేసుకున్నాడు. ఆ రోజు తట్ట మోసినవాడు అతనే. ఇర్ఫాన్ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"రాంసజీవన్‌దే నిర్లక్ష్యం! నా తప్పేముంది?" అంటూ రామమోహనరావు భుజాలు తుడుచుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని మనవాళ్ళు ఊరికే అన్నారా? "సాఫ్ కరో! ఇర్ఫాన్, చాలూ కరో," అని ప్రెస్సు నడపమన్నట్టు చెయ్యూపాడు.

ఇర్ఫాన్ కదల్లేదు. "పెహ్లే ఆప్ హాథ్ రఖియే, సాబ్."

ముందు మీరు చెయ్యి పెట్టండన్న ఆ మాట మిషన్ల వరసలన్నీ దాటి గేటుదాకా పోయింది. ఒకరి తరవాత ఒకరు గ్లవుజులు తీసి కింద పడేశారు.

భావన ప్రెస్సుకు కరెంటు మీట దించి, తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో బిగించుకుంది.

"నీ ఉద్యోగం పోద్ది," అన్నాడాయన.

"పోనివ్వండి సార్. ఇంకో తల పోదు."

ఎర్రగా తడిసిన దండను ప్రెస్సు మీంచి తెంపి, చెత్తడబ్బా పక్కనున్న ఫొటోకు వేసింది. ఇర్ఫాన్ వచ్చి ఆ ఫొటో ఎత్తుకుపోయి, ప్రెస్సు మీద పెట్టాడు.