పెట్టె చప్పుడు, తలుపు చాటు మాట

మా అత్తగారు నాగరత్నమ్మ నా ఎదురుగా నిలబడి మాట్లాడిన రోజు లేదు. అల్లుడి మొహం చూసి మాట్లాడడం వాళ్ల ఇంటి పద్ధతి కాదు. నా భార్య వసుధ బతికి ఉన్నప్పుడు అత్తగారి మాటలన్నీ వసుధ మీదుగా నాకు చేరేవి. వసుధ పోయాక వంటింటి తలుపు మీదుగా వస్తున్నాయి. తలుపు చాటున నిలబడి, తలుపుకే చెబుతున్నట్టు మెల్లగా అంటుంది. "కాఫీ అయింది." "గ్యాసు రెండు దినాలకు వస్తాదేమో." "మబ్బు పట్టినట్టుండాది, గుడ్డలు తీయల్ల." ఏదైనా ఒక్కసారే చెబుతుంది. నేను ఇవతలి నుంచి "సరే అత్తమ్మా" అంటాను. మూడేళ్లుగా మా ఇద్దరికీ అది సరిపోయింది.

వసుధకు జబ్బు చేసినప్పుడు చూసుకోవడానికి కుప్పం నుంచి వచ్చిందామె. అంతా అయిపోయాక ఉండమని నేను అనలేదు, పోతానని ఆమె అనలేదు. కుప్పంలో కొడుకు గంగాధరం ఉన్నాడు. గ్రానైటు క్వారీలో ఉద్యోగం. మంచివాడే. కానీ వాళ్లుండేది మేడ మీద, ఆమెవి మోకాళ్ల నొప్పులు. ఆ మెట్ల పుణ్యమా అని నా ఇంట్లో పొద్దున్నే గిన్నెల చప్పుడు వినిపిస్తోందని నేను లోలోపల అనుకునేవాణ్ణి.

పట్టు పరిశ్రమ శాఖలో పనిచేసి 2002లో రిటైరయ్యాను. ఊరికే కూర్చోవడం చేతకాక, మదనపల్లెలో ఒక ప్రెస్సు వాళ్లకు పెళ్లిపత్రికలు, ప్రశ్నపత్రాలు ఇంట్లోనే టైపు చేసి ఇవ్వడానికి ఒప్పుకున్నాను. మరుసటేడు ఫిబ్రవరిలో కంప్యూటరు కొన్నాను. పుంగనూరులో మా ఇల్లు చిన్నది. ఎర్తు ఉన్న ప్లగ్గు హాల్లో, వంటింటి తలుపు పక్కనే ఉంది. బల్ల అక్కడే వేశాను.

కొత్తలో ఆ పెట్టె గుయ్‌మని సన్నగా మోగేది. ఏప్రిల్ వచ్చేసరికి పిండిమర పక్కన కూర్చున్నట్టు ఉండేది. నాకు త్వరలోనే అలవాటైంది. అలవాటైన చప్పుడు చెవిలో ఉన్నట్టే తెలియదు. అదే నా కొంప ముంచింది.

ఒక బుధవారం పక్కింటి దిల్షాద్ ప్రహరీ మీదుగా పిలిచింది. ఆమె భర్త ఇలియాస్ బజార్లో ఫ్యాన్లకు, మోటార్లకు వైండింగు చేస్తాడు.

"ఏమి సార్, అవ్వను పంపించేస్తాండారంట?"

"ఎవరు పంపిస్తున్నారు?"

"నన్నడిగితే? నిన్న మా ఇంటికొచ్చి ఫోను చేసింది కొడుక్కి. ఆదివారం వచ్చి పిల్సుకోని పో నాయనా అనింది. నేను ఆడనే నిలబడి విన్నాను. వినకూడదనే అనుకొన్నా, కానీ మా ఇంట్లో ఫోనుండేది పొయ్యి పక్కన. యాడికి పోయేది?"

"ఎందుకంట?"

దిల్షాద్ గొంతు తగ్గించింది. "మీరు ఆమెతో మాట్లాడేది నిలిపేసినారంట కదా. వసుధక్క తిథి వస్తాండాది, అయ్యవారికి సెప్పాల్నా అని రెండు దినాలు అడిగిందంట. రెండు దినాలూ మీరు ఉలకలేదు, పలకలేదంట. ఆయప్పకు నేను బరువైపోయినాను, బిడ్డ తిథి కూడా గుర్తుసెయ్యకూడదేమో అని ఏడ్సింది సార్."

నేను ఆ మాట వినలేదు. రెండు రోజులూ వినలేదు. తిథి పెట్టించే అయ్యవారికి అప్పటికే చెప్పి ఉన్నాను కూడా.

ఇంట్లోకి వెళ్లి తలుపు ముందు నిలబడ్డాను. "అత్తమ్మా, అయ్యవారికి చెప్పేశాను. మీరు అడిగింది ఈ మిషను చప్పుడులో నాకు వినపడలేదు."

 లోపలి నుంచి, "అట్నా. దానికేమిలే" అని వినిపించింది.

ఆ 'దానికేమిలే' నాకు తెలుసు. పాలల్లో నీళ్లు కలిపి, ఆవే నీళ్లెక్కువ తాగిందని చెప్పే పాలామెతో కూడా ఆమె అదే అంటుంది. అబద్ధం చెప్పినవాళ్లను నొప్పించకుండా వదిలేసే మాట అది.

ఇంకేం చెప్పాలి? మీరు గట్టిగా మాట్లాడండి అని అత్తను అడిగే అల్లుడు మా వైపు ఇంకా పుట్టలేదు. అడిగినా ఆమె సిగ్గుతో అసలు మాట్లాడటమే మానేస్తుంది. మిషను ఆపేసి కూర్చుందామా అంటే ఇస్తానన్న పని ఉంది. మిగిలింది ఒకటే దారి, దాని నోరు మూయించడం. ఆదివారానికి నాలుగు రోజులుంది.

సాయంత్రం ఇలియాస్‌ను పిలుచుకొచ్చాను. పెట్టె పక్క రేకు విప్పి, మిషను ఆన్ చేసి, చెవి పెట్టి విన్నాడు, డాక్టరు ఛాతీ విన్నట్టు.

"అరె సార్, ఒకటి కాదు, నలుగురు అరుస్తాండారు లోపల. ప్రాసెసరు మీద ఈ బుడ్డ ఫ్యాను, కరెంటు డబ్బాలో ఒకటి, వెనక ఒకటి. హార్డు డిస్కు వేరేగా గుర్రు. డబ్బా ఇరుకు. ఉడుకు లోపలే తిరుగుతా ఉంటే పాపం ఇవి పరిగెత్తక ఏం సేస్తాయి?"

"పరిగెత్తకుండా చెయ్యాలి."

"పెద్ద రెక్కలుండే ఫ్యాను నిదానంగా తిరిగినా గాలి బాగా తోస్తాది. సిన్నది అంత గాలి ఇయ్యల్లంటే గొంతు సించుకోవల్ల. పాత ఇన్వర్టర్లలోవి పెద్ద ఫ్యాన్లు నా దగ్గర మూడుండాయి. మీరు పెద్ద డబ్బా తెండి."

గురువారం మదనపల్లె వెళ్లాను. కంప్యూటర్ల షాపులో ఎవరూ అడగని ఒక ఎత్తైన ఖాళీ క్యాబినెట్టు మూల పడి ఉంది. ఎవరో బెంగళూరు నుంచి తెప్పించుకుని వద్దని వదిలేసిన ఒక పెద్ద హీట్ సింకు కూడా దొరికింది. ప్రాసెసరు వేడిని లాగే రాగి దిమ్మ, దానిపైన అల్యూమినియం రేకులు, అరకిలో పైనే ఉంటుంది. తిరుగు బస్సు టమోటా గంపలతో నిండి ఉంది. కండక్టరు నా చేతిలో ఆ పెట్టెను చూసి, "ఏం సార్, బీరువానా?" అని నవ్వి, తన సీటే నాకిచ్చి నిలబడ్డాడు.

శుక్రవారమంతా హాల్లో చాప పరుచుకుని పని చేశాం. పాత పెట్టెలోంచి ఒక్కో భాగం విప్పి, దుమ్ము దులిపి, వరసగా పేపరు మీద పెట్టాను. కొత్త పెట్టెలో మదర్‌బోర్డు బిగించాను. ప్రాసెసరు మీద వేడిని అందించే పేస్టు బియ్యపు గింజంత పెట్టి, బుడ్డ ఫ్యానుకు బదులు ఆ పెద్ద హీట్ సింకు కూర్చోబెట్టాను. ఫ్యాను ముందుండే చిల్లుల రేకు గాలిని కోసి ఈల వేయిస్తుందని ఇలియాస్ దాన్ని రేకుల కత్తెరతో తీసేశాడు. కరెంటు డబ్బాను ముందు రోజే ప్లగ్గు తీసి ఉంచాం కాబట్టి షాకు భయం లేకుండా దాన్ని విప్పి, అందులోనూ మెత్తగా తిరిగే ఫ్యాను వేశాడు. హార్డు డిస్కును రేకుకు బిగించకుండా సైకిలు ట్యూబు ముక్కలతో ఉయ్యాలలా వేలాడదీశాం.

ఫ్యాన్లు పన్నెండు వోల్టులవి. పసుపు తీగకూ ఎర్ర తీగకూ మధ్య కలిపితే వాటికి ఏడే అంది, నిదానంగా తిరుగుతాయి. బీఎస్సీలో చదివిన ఫిజిక్సు నలభై ఏళ్లకు అక్కరకొచ్చిందని సంతోషించాను. ఆ సంతోషంలోనే తప్పు చేశాను. ముందు కింద ఒక ఫ్యాను, వెనక పైన ఒక ఫ్యాను. రెండింటినీ గాలి లోపలికి తోసేలా తిప్పి పెట్టాను.

"వెనకది బయటికి కదా సార్ ఉండల్ల?" అన్నాడు ఇలియాస్.

"రెండు పక్కల నుంచీ చల్లగాలి పోతే ఇంకా చల్లగా ఉంటుంది" అన్నాను.

"సదువుకొన్నోళ్లు మీరు" అని ఊరుకున్నాడు.

శనివారం పొద్దున ఆన్ చేశాం. పని చేస్తోందా లేదా అని ఇద్దరం మానిటరు వైపు చూశాం. బొమ్మ వచ్చింది. చప్పుడు లేదు. బయట వీధి కొళాయి దగ్గర బిందెలు పెట్టే చప్పుడు వినపడుతోంది. ఇలియాస్ చేతులు చాచి పైకి చూసి, షాపు తెరవాలని వెళ్లిపోయాడు.

అరగంట తర్వాత మిషను దానంతట అదే ఆరిపోయింది.

మళ్లీ ఆన్ చేసి వేడి ఎంతుందో చూశాను. డెబ్బై డిగ్రీలు దాటింది. పక్క రేకు మీద చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టెలా ఉంది. ఫ్యాన్లకు పన్నెండు వోల్టులూ ఇస్తే చల్లబడుతుందేమో, కానీ మళ్లీ పాత అరుపే. రేపు ఆదివారం. చాప మీద కూర్చుని, "ఇంత పెద్ద డబ్బాలో ఎందుకింత వేడెక్కుతోంది" అని నాలో నేనే గొణుక్కున్నాను.

"పై కిటికీలోనుంచి గూడా గాలి లోపలికే తోస్తే, ఉడుకు యాడికి పోతాది?"

తలుపు చాటు నుంచి. ఎప్పటిలాగే మెల్లగా, తలుపుతో అన్నట్టే.

నేను పెట్టె వెనక ఫ్యాను వైపు చూశాను.

"పురుగులింట్లో సల్లగాలి కింద రావల్ల, ఉడుకు పైన పోవల్ల. రామసముద్రం రైతులకంతా దినామూ సెప్పేదంట. ఇంట్లో డబ్బాకు మాత్రం మర్సిపోయేదంట."

నవ్వు ఆపుకోలేకపోయాను. పట్టుపురుగుల షెడ్లకు కింద కిటికీలు, పైన వెంటిలేటర్లు పెట్టమని ఇరవై ఏళ్లు ఊరూరా చెప్పినవాణ్ణి. సాయంత్రాలు నా ఉపన్యాసాన్ని వసుధ వంటింట్లో వెక్కిరించేదని తెలుసు. వచ్చినప్పుడల్లా అత్తమ్మ కూడా అది వింటోందని అప్పుడు ఆలోచించలేదు.

"నిజమే అత్తమ్మా. బుద్ధి గడ్డి తినింది" అన్నాను.

లోపలి నుంచి, "వినపడిందా?"

"ప్రతి మాటా వినపడింది."

"డబ్బా ఆపేసినారా?"

"లేదు, నడుస్తోంది."

తలుపు పక్కన తెల్లచీర అంచు కొంచెం కదిలింది. ఆమె తొంగి చూసి ఉంటుంది. దీపాలు వెలుగుతున్న పెట్టెను చూసి ఉంటుంది.  ఈసారి 'దానికేమిలే' అనలేదు. లోపలికి వెళ్లిపోయింది.

నాలుగు మరలు విప్పి వెనక ఫ్యాను తిప్పి పెట్టాను. మధ్యాహ్నానికి వేడి యాభై దగ్గర నిలబడింది. సాయంత్రం దాకా ఒక్కసారీ ఆరలేదు.

అయినా ఆదివారం పొద్దున వాకిలి దగ్గర ఆమె సంచి కట్టి ఉంది. పది గంటలకు గంగాధరం వచ్చాడు. చెప్పులు విప్పుతూ నా మొహం వైపు చూడలేక, "బావా, ఎండలు జాస్తిగా ఉండాయి కదా" అన్నాడు. కాళ్లు కడుక్కున్నాడు, నీళ్లు తాగాడు. ఇద్దరం ఎండల గురించీ, వానల్లేక బోర్లు ఎండిపోవడం గురించీ చాలాసేపు మాట్లాడాం.

"సరే మరి. అమ్మా, పోదామా? పన్నెండుకు బస్సుండాది" అన్నాడు గంగాధరం.

తలుపు వెనక ఆమె ఉంది. నాకు తెలుస్తోంది. మిషను నడుస్తోంది. లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. గొంతు పెంచలేదు. 

"అత్తమ్మా, మీకు పోవాలని ఉంటే నేను అడ్డం చెప్పను. నా మౌనం చూసి పోతుంటే మాత్రం అది మౌనం కాదు, చెవుడు. మూడేళ్ల కిందటే చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను. మీరు ఇక్కడే ఉండండి. నాకు అవసరం."

 గంగాధరం సంచి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"ఒరే గంగా!"

నేను అదిరిపడ్డాను. ఆ కేకకు ప్రహరీ మీద పిల్లి దూకి పారిపోయింది.

"ఆ సంచి ఎత్తి లోపల పెట్టురా! ఎండలో అమ్మను బస్సెక్కించేదానికి బుద్ధుండాదా నీకు? నేను రమ్మంటే మాత్రం వచ్చేసేదేనా? ఏమైంది మా, యాల ఏడుస్తాండావు అని ఒక మాట అడగకూడదా? కాళ్లు కడుక్కున్నావు కదా, కూర్సో, సంగటి ఎత్తినాను!"

"నువ్వే కదమ్మా ఫోన్లో..."

"ఫోన్లో వెయ్యి అంటాను!"

పక్కింటి నుంచి దిల్షాద్ నవ్వు వినిపించింది. గంగాధరం సంచి లోపల పెట్టి వచ్చి, కుర్చీలో కూలబడి, తుండుతో మొహం తుడుచుకున్నాడు. అతని మొహంలోనూ బరువు దిగినట్టే కనిపించింది.

"మా ఇంటి మెట్లకు ఏం సెయ్యాల్నో తెలీక రాత్రంతా నిద్ర లేదు బావా" అన్నాడు మెల్లగా. తర్వాత, "మాయమ్మకు ఇంత గొంతుండాదని మీకు తెల్సునా?"

"తెలియదు."

"సిన్నప్పుడు రెండు వీధుల అవతల ఆడుకుంటా ఉంటే ఇంట్లోనుంచే పిల్సేది."

భోజనం తర్వాత అతను పెట్టె వెనక చెయ్యి పెట్టి చూశాడు. "గాలి వస్తాండాది, సప్పుడు లేదే" అని రెండుసార్లు అన్నాడు. క్వారీ ఆఫీసులో కంప్యూటరు రాళ్లు కోసే మిషను కంటే ఎక్కువ అరుస్తుందంట. ఒకసారి కుప్పం వచ్చి చూడమన్నాడు. వస్తానన్నాను.

మూడు గంటల బస్సుకు అతను ఒక్కడే వెళ్లాడు. నేను ఆగిపోయిన పెళ్లిపత్రిక ముందేసుకున్నాను. మధ్యలో తలుపు చాటు నుంచి, దిల్షాద్ వాళ్లు సేమియా పంపించారని వినిపించింది. "సరే అత్తమ్మా" అన్నాను. కొంతసేపటికి, రేపు రేషను కిరసనాయిలు ఇస్తారేమో కనుక్కోవాలని. కనుక్కుంటానన్నాను. ఇంకాసేపటికి, వీధిలో ఎవరిదో దూడ అరుస్తోందని, పాపం ఆకలేమో అని. దానికి జవాబు అక్కర్లేదు. అయినా "ఊఁ" అన్నాను.