వీపు మీద గాటు

నేను ఒక యాంటెన్నాను. తపాలా బిళ్ళకంటే కాస్త పెద్దదాన్ని. రాగి పూసిన పలకలోంచి పుట్టాను. నేను పుట్టిన రోజు కాకినాడలోని ఆ ఇంట్లో పెరుగు డబ్బా కోసం గొడవ జరిగింది.

"తోడేసుకునే డబ్బాలో ఈ తుప్పునీళ్లేంటమ్మా?" అంది వరహాలమ్మ.

"రాగిని కరిగించే మందు అత్తయ్యా. స్టీలు గిన్నెలో పోస్తే గిన్నెనే తినేస్తుంది," అంది కోడలు హిమజ.

"అయితే రేపు మన పేగుల్నీ తింటుంది!"

హిమజ కాలేజీలో పాఠాలు చెబుతూనే నాలుగేళ్లుగా పరిశోధన చేస్తోంది. ఫోనుకొకటి, వైఫైకొకటి అని కాకుండా అన్ని రకాల తరంగాలనూ ఒక్క చిన్న యాంటెన్నాయే అందుకోవాలని ఆమె పట్టుదల. నాకు ముందు పుట్టిన మా అక్కలు పదకొండు మందీ చిన్నగా ఉంటే కొన్ని తరంగాలకే పలికారు, అన్నిటికీ పలికితే అరచేయంత అయ్యారు. ఈసారీ కుదరకపోతే మానేస్తానని హిమజ తన గైడుగారికి చెప్పేసింది.

రాగి మిగలాల్సిన చోటల్లా గోళ్లరంగు పూసి, నన్ను మందులో వేసి ఆమె స్నానానికి వెళ్లింది. వరహాలమ్మ ఊరుకుంటుందా? గిన్నెలు దించే పట్టకారుతో నన్ను పైకి తీసి, మందుతో సహా పాత ఊరగాయ జాడీలోకి మార్చేసింది. పట్టు బిగిసిన చోట, నా వీపు అంచున, రంగు లేచిపోయింది. అక్కడి రాగిని మందు శుభ్రంగా తినేసింది.

ఆ గాటు చూసి హిమజ ఏడ్చినంత పని చేసింది. లాబులో అడిగి పెట్టుకున్న సమయం వృథా పోతుందని మాత్రమే నన్ను తీసుకెళ్లి పరీక్ష యంత్రానికి తగిలించింది. తెర మీద గీత ఎంత దిగితే నేను అంత బాగా పలుకుతున్నట్టు. అది దిగింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా దిగే ఉంది. వైరు వదులైందేమోనని ఆమె మూడుసార్లు విప్పి బిగించింది. మా అక్కలు పలకనప్పుడు ఒక్కసారి చూసి నమ్మేసిన మనిషే!

ఇప్పుడు నేను పుస్తకాల అలమరలో, గాజు తలుపు వెనక హాయిగా ఉన్నాను. అక్కణ్ణుంచి భోజనాల బల్ల కనిపిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు.

"ఇంకేం, రేపే థీసిస్ రాసి ఇచ్చెయ్," అన్నాడు హిమజ భర్త ఫణి.

"నా పట్టకారు పేరు కూడా రాయమను," అంది వరహాలమ్మ, గోంగూర వడ్డిస్తూ.

హిమజ అన్నం కలుపుతూ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడే ఇవ్వను. ఇది దానంతటది వచ్చింది. ఆ గాటు ఎందుకు పనిచేస్తోందో లెక్క తేల్చి, నా చేత్తో నేనే గీసి ఇంకోటి చేస్తాను. అదీ పలికితే అప్పుడిస్తాను. ఆర్నెల్లు పడుతుంది. మానడం మాత్రం లేదు."