ముందు సీటులో మారెక్క

దాసప్ప సగం బకెట్టు నీళ్లతోనే కారంతా తుడిచేశాడు. అనంతపురంలో కారు కడగడమంటే తుడవడమే. నాలుగు రోజులకోసారి వచ్చే కుళాయిని నమ్ముకుని కార్లకు స్నానాలు చేయిస్తే మనుషులు మురికితో తిరగాలి. మిగిలిన మడ్డినీళ్లు గేటు పక్కనున్న కనకాంబరం మొక్కకు పోసి, గుప్పెడు పూలు కోసి దారంతో అల్లి మోదుగాకులో చుట్టుకున్నాడు.

పొట్టి మనిషి. మెడ నరాలు తేలి ఉంటాయి. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపుకోలేడు. అది లారీ నాటి గుర్తు. వేరుశనగ మూటల లోడుతో గుంతకల్లు దారిలో పోతూ గేదె అడ్డమొస్తే బ్రేకు తొక్కాడు. లారీకి గీత పడలేదు. పక్కన కూర్చుని వక్కాకు నములుతున్న క్లీనరు తిప్పయ్య మాత్రం అద్దం పగలగొట్టుకుని రోడ్డు మీద పడ్డాడు, మళ్లీ లేవలేదు. ఆ తర్వాత దాసప్ప బెల్టున్న బండి ఏది ఎక్కినా ముందు బెల్టు పెట్టుకోకుండా తాళం తిప్పలేదు.

"ఏమప్పా దాసప్పా, కారు నిన్ను యాడన్నా పారేసి పోతాదని కట్టేసుకుంటివా?" అని స్టాండులో తోటి డ్రైవర్లు నవ్వేవాళ్లు.

"కట్టుకోకపోతే మీరే నన్ను కట్టుకుని మోసకపోవాల్ల," అనేవాడు.

ఇప్పుడు నడుపుతున్నది కాంట్రాక్టరు మల్లికార్జున రెండువేల ఎనిమిదిలో కొన్న కొత్త కారు. కొన్న వారంలోనే సీట్లకు కవర్లు కుట్టించారు. కుట్టినవాడు వెనక బెల్టుల్నీ వాటి కొక్కేల్నీ కవరు కిందకు తోసేశాడు. కూర్చుంటే గుచ్చుకుంటాయని అందరూ అట్లాగే చేయిస్తారు. దాసప్పకు అది నచ్చలేదు కానీ, వెనక కూర్చునే ఆసామి సారు కదా, ఏమంటాడు?

కారిచ్చిన రోజు షోరూం మనిషి ఇందులో రెండు గాలిసంచులున్నాయని, గుద్దుకుంటే ఉబ్బి కాపాడతాయని గబగబా చెప్పి ఇంకో కారు దగ్గరికి పరుగెత్తాడు. స్టీరింగులో ఒకటి. అది అర్థమైంది. రెండోది ఎడమవైపు డాష్‌బోర్డులో, ఏవో ఇంగ్లీషు అక్షరాలు చెక్కిన మూత కింద. నడిపేవాడు కుడివైపుంటే సంచి ఎడమవైపు ఎందుకు? దాసప్ప తన బుద్ధికి తోచినట్టు సర్దుకున్నాడు. నాలుగు చక్రాలకు ఒక స్టెప్నీ ఉంటుంది. ఇదీ అంతే. మొదటిది పగిలితే బిగించుకోవడానికి దాచిన స్టెప్నీ సంచి. ఎవరినైనా అడిగితే తెలిసేదే. కానీ తల నెరిసేదాకా స్టీరింగు పట్టినవాడు బండి గురించి ఇంకొకరిని అడుగుతాడా?

పైగా ఆ మూత పీట మాదిరి చదునుగా ఉంది. కసాపురంలో కొన్న ఇత్తడి ఆంజనేయస్వామిని, పిడికిలంత విగ్రహాన్ని, దాని మీదే పెట్టి రెండు వైపులా జిగురుండే పట్టీతో అంటించాడు. "లాగితే మూత ఊడి రావాల్లేగానీ స్వామి ఊడడు," అని మల్లికార్జునతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. సారు నవ్వి, స్వామికి దండం పెట్టి వెనక్కి పోయి కూర్చున్నాడు.

ఆ ఉదయం సారు ఊళ్లోనే ఉంటానన్నాడు. "మారెక్కను బస్సులో తిప్పొద్దు. కంటికి దుమ్ము పడితే కష్టం. కారులోనే తీసకపో," అన్నాడు. దాసప్పకు ఆ మాటతో గుండె నిండింది. తన పెండ్లాన్ని తాను నడిపే కారులో ఎక్కించుకోవడం అదే మొదలు.

కంటాసుపత్రి మెట్ల మీద మారెక్క నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. వేరుశనగ పొలాల్లో వంగీ వంగీ నడుము ఒక పక్కకు ఒరిగిన మనిషి. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి, ఏడాదిగా గొంతులను బట్టి మనుషుల్ని పోల్చుకుంటోంది. ఒక కంటికి ఆపరేషను చేశారు. నిన్ననే కట్టు విప్పారు.

అద్దాలు పైకెత్తి మొగుణ్ణి చూసి, "ఏమయ్యా, నీ తల ఇంతగా నెరిసినాదా!" అంది.

"నువ్వు చూడకుండా ఉన్నెప్పుడు నెరిసింది లే. పద, పాపను చూద్దువు."

పాప అంటే కూతురు జయంతి బిడ్డ. జయంతిని ఉరవకొండ అవతలి పల్లెలో ఇచ్చారు. మూణ్ణెల్ల కిందట మారెక్కే దగ్గరుండి పురుడు పోసింది. నీళ్లు పోసింది, కాటుక దిద్దింది, పొద్దూకులూ ఒళ్లో పెట్టుకుంది. ముఖం మాత్రం మసకగానే మిగిలింది. ముక్కు ఎవరిదో వేళ్లతో తడిమి చూసుకునేది. ఊరికి పోకుండా నేరుగా పాప దగ్గరికే పోదామని ఆమే పట్టుబట్టింది.

మారెక్క వెనక తలుపు పట్టుకుంది. "సారు మాదిరి వెనకాల కూసుంటా. కాళ్లు సాపుకోవచ్చు."

"ఆడ బెల్టు ల్యా మే. ముందర కూసో."

"యాడ కూసుంటే ఏమి?"

"నా మాట ఇను. ముందరైతే దావంతా కనపడతాది."

ఆమె ఎక్కింది. దాసప్ప వంగి, బెల్టు ఆమె భుజం మీదుగా లాగి, చీర నలగకుండా కొక్కెంలో వేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంత శ్రద్ధగా ఆమెకు ఏదీ తొడగలేదు.

"గుంజకు కట్టేసిన మేక మాదిరి ఉండానే," అని మారెక్క కిలకిలా నవ్వింది. పూలు తీసుకుని కొన్ని తలలో తురుముకుని, చిన్న తునక స్వామి మెడలో చుట్టింది.

దారంతా చూపు ఆమెదే. గొర్రెల మంద, గోడల మీద సిమెంటు రాతలు, బోసిపోయిన బోరు పైపులు. "అదో ఆ గుట్ట అంత ఎర్రగుంటాదా!" అని చంటిబిడ్డ మాదిరి చూపించింది. దాసప్ప ఆమె కోసమే మెల్లగా నడిపాడు. పాప ముక్కు తనదైతే ఏం చేస్తావని అడిగితే, పాపం అనుకుంటానంది.

ఉరవకొండ ఇంకా కొంత దూరముందనగా తారురోడ్డు మీద ఉలవచెట్లు పరిచి ఉన్నాయి. బండ్ల చక్రాలే కాయలు నూరుస్తాయి కాబట్టి ఆ కాలంలో రోడ్డే కళ్లం. దాసప్పకు అలవాటే. చక్రాలు పొట్టు మీదికి ఎక్కాక, రోడ్డు పక్క ఉలవ వామి వెనక నుంచి ఒక ముసలామె హఠాత్తుగా లేచి నిలబడింది. అతను స్టీరింగు తిప్పాడు. ఎండు ఉలవల మీద టైర్లు జారాయి. కారు పోయి వేపచెట్టుకు గుద్దుకుంది.

టపాకాయ పేలినట్టు శబ్దం. తెల్లటి పొడి, కాలిన వాసన. దాసప్ప ముఖం మెత్తటి సంచిలో కూరుకుపోయి బయటికొచ్చింది. ఒంటి మీద గీత లేదు. పక్కకు తిరిగితే మారెక్క ముందరా ఒక సంచి వేలాడుతోంది. బెల్టు ఆమెను సీటుకు పట్టి ఉంచింది. ఆమె నల్లద్దాలు ఎగిరిపోయాయి. చెవి పైన కాస్త కమిలింది. నెత్తురు కూడా లేదు.

"నాకేం కాల్యా," అంది మారెక్క. తానే దిగింది. ఆ ముసలామె, నల్లమ్మ, ఏడుస్తూ గోనెపట్ట పరిచి చెంబుతో నీళ్లిచ్చింది.

"ఏడవొద్దుమ్మా. బెల్టు కాపాడినాది," అన్నాడు దాసప్ప. గొంతులో గర్వం ఉంది. తిప్పయ్య నాటి బాకీ ఇన్నాళ్లకు తీరినట్టనిపించింది. సారుకు ఫోను చేశాడు. కారు పోయిందని చెప్పడానికి భయపడ్డాడు గానీ, మారెక్క బాగుందని చెప్పేటప్పుడు నవ్వాడు.

"ఆటో వస్తే పాప కాడికే పోదాం," అంది మారెక్క. "అంతవరకూ కొంచేపు పండుకుంటా. తల దిమ్ముగుండాది."

అతని తొడ మీద తల పెట్టుకుంది. కంటి మీద ఎండ పడకుండా దాసప్ప అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఈగలను తువ్వాలుతో తోలాడు. కాసేపు గురక పెట్టింది. అలసిపోయింది, నిద్రపోనీ అనుకున్నాడు. నల్లమ్మ మళ్లీ ఉలవలు తిరగేసుకుంది.

ఆటో వచ్చాక లేపితే మారెక్క లేవలేదు. ఆసుపత్రిలో చూసి తల లోపల దెబ్బ అన్నారు. జయంతి పాపను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేసరికి తెల్లగుడ్డ కప్పేసి ఉంది. పాప ముక్కు మారెక్కదే. దాసప్ప అది చూసి, చెప్పడానికి పెండ్లాం వైపు తిరిగి, అప్పుడు ఏడ్చాడు.

సాయంత్రం మల్లికార్జున ఆసుపత్రికి వచ్చాడు. దారిలో కారు దగ్గర ఆగి, ముందు సీటు కింద పడివున్న నల్లటి మూతను తెచ్చాడు. దాన్ని చేతిలో పట్టుకుని చూపించి, "ఆమె చెవికి తగిలింది ఇదే దాసప్పా. పక్క సీటు సంచి, మీద బరువుంటే దీన్ని ఎగరగొట్టుకుని వస్తాది," అన్నాడు మెల్లగా.

దాసప్ప మూతను చూశాడు.

"రెండోది స్టెప్నీ అనుకుంటి సార్," అన్నాడు. "ఆయమ్మ వెనకాలే కూసుంటా అన్నెది."

మల్లికార్జున మూతను బెంచీ చివర పెట్టి బయటికి నడిచాడు. మూత అంచులు చిట్లాయి. దాని మీద ఇత్తడి స్వామి, మెడలో ఉదయం చుట్టిన కనకాంబరాలతో, పట్టీ ఏ మూలా లేవకుండా గట్టిగా అంటుకునే ఉన్నాడు.